ఐసు లెక్క

నేను ఐసు అమ్ముతాను.
బందరువానిపేట దిబ్బ మీద
రేకుల షెడ్డు, రంపం, ఊక బస్తాలు,
అట్ట ఊడిన లెక్కల పుస్తకం.
ఏ పడవకి ఎన్ని దిమ్మలో రాసుకోవడం తప్ప
సముద్రంతో నాకు వేరే పేచీ లేదు.

పదేళ్ళ కిందట
రెండు దిమ్మలు వేసుకుని చీకట్నే వెళ్ళిన పడవ
మధ్యాహ్నానికి తిరిగొస్తే
మిగిలిన పెళ్ళ కోసం పిల్లలు కొట్టుకునేవారు.
ఇప్పుడు నాలుగు దిమ్మలు.
పెట్టె మూత తీస్తే నీళ్ళు,
నీళ్ళల్లో కళ్ళు తెల్లబడ్డ కానాగంతలు.

"ఏటిది కూర్మారావూ, ఐసా?
రంపం ఎట్టినప్పుడే కారిపోతంది!"
దానయ్య కేక అవతలి వీధి దాకా వినపడుతుంది.
నా ఐసు అదేనయ్యా,
నువ్వు తీసుకెళ్ళే చోటు మారింది
అని చెప్పలేక
ఒక ముక్క కొసరు వేస్తాను.

వాళ్ళ నాయన ఎనిమిది బారల లోతున వల దించితే
కవళ్ళు చిల్లర పోసినట్టు గలగలలాడేవట.
దానయ్యకి ముప్ఫై బారలైనా చాలడం లేదు.
పైనీళ్ళు పురిటి స్నానానికి కాచినట్టున్నాయి.
చలవ కోసం చేప కిందికి,
చేప కోసం వల కిందికి,
వల కోసం ఇంకో డబ్బా డీజిలు,
డీజిలు కోసం నా పుస్తకంలో ఐసు బాకీ.
కొన్నాళ్ళు వలనిండా జిగురు ముద్దలే వస్తాయి.
చేతులు మండుతాయి, కూర మాత్రం కాదు.

సాయంత్రాలు ఆదెమ్మ వస్తుంది.
వంశధార మొగ దగ్గర
తాబేలు గుడ్లకి కంచె కట్టి కాపలా కాస్తుంది.
షెడ్డు కింద కారిన నీళ్ళు ఆమెకి కావాలి,
గోనెలు తడిపి ఎండకి అడ్డంగా కట్టడానికి.
"ఇసక ఏడెక్కితే పిల్లలన్నీ ఆడయ్యేనంట.
మగది నేకపోతే మళ్ళీ గుడ్డెక్కడిది?
పేరుకి నువ్వూ తాబేలువే గదా,
రెండు బిందెలు నీళ్ళియ్యలేవేటి?"
శ్రీకూర్మం మొక్కుకి పుట్టినవాణ్ణి.
రాశాను:
ఆదెమ్మ, కరిగిన నీళ్ళు, బిందెలు రెండు.
ధర దగ్గర గీత పెట్టి వదిలేశాను.

తుఫాన్లు ఇదివరకూ ఉన్నాయి.
మబ్బు రంగు చూసి, అలల దెబ్బ లెక్కపెట్టి
పడవలు పైకి లాక్కునే వ్యవధి ఉండేది.
ఇప్పుడు రాత్రి దూడలా పడుకున్నది
వెచ్చటి కుడితి తాగి
తెల్లారేసరికి దున్నై లేస్తోంది.
తిత్లీ వెళ్ళాక మా రేకులు
జీడితోటలో దొరికాయి, మడతలు పడి.

దానయ్య కూతురు హైమ, డిగ్రీ చదువుతోంది,
ఒకరోజు నా పుస్తకం తిరగేస్తూ అంది:
"భూమి చివర్లలో
కొండలంత ఐసు కరుగుతోంది బాబాయ్.
ఆ నీళ్ళు కూడా మనూరికే వస్తాయి."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
కొండలంత దిమ్మలు!
ఎవరు కోశారు, ఏ రంపంతో?
గుప్పెడు ఊకైనా కప్పలేదే.
ఎవరు ఆర్డరిచ్చారు?
ఎవరి ఖాతాలో రాస్తారు?
దింపేది మాత్రం మా గుమ్మంలో.
షెడ్డు నుంచి పోటునీటి గీత దాకా
మొన్న వేసవిలో నలభై అంగలు.
నిన్న కొలిస్తే ఇరవైయారు.
చేపలు ఎండేసే చోటు ఆ తేడాలో పోయింది.

లేచి మిషను వెనక్కి వెళ్ళాను.
ఇరవయ్యేళ్ళుగా ముందు గదిలో చలి అమ్ముతున్నవాణ్ణి,
వెనక గొట్టం ఊదే సెగ ముందు
ఎప్పుడూ తీరిగ్గా నిలబడలేదు.
చలి చెయ్యడమంటే ఇంతే,
వేడిని పక్కకి నెట్టడం.
నా పక్క ఎవరుంటారు?
చీకట్లో సముద్రం
మాట్లాడకుండా పుచ్చుకుంటోంది,
ఇన్నేళ్ళూ పుచ్చుకున్నట్టే.

పుస్తకం చివరి పేజీలో దాని పేరు రాశాను.
ఎదురుగా ఎంతని వెయ్యాలో తెలియలేదు.
బాకీ తనదా, నాదా
అదైనా తేలకముందే
తలుపు మీద దానయ్య చెయ్యి.

"ఐదు దిమ్మలు గావాల కూర్మారావూ,
ఈయేళ ఇంకా లోనికెల్తన్నాం."