గుండ్లదిబ్బ లెక్క

పుట్టిలో కూర్చున్నాక ఉరుకుందు చెప్పినాడు:
"సంచి తడవనీయొద్దు సారూ,
ఊరంతా అందులోనే ఉంటాది."

నాలుగు పక్కలా కృష్ణ నీళ్లు.
డ్యామ్ కట్టకముందు ఇది దీవి కాదు,
ఊరికి తూర్పున ఉండిన గుట్ట.
మేకలు తప్ప ఎవరూ ఎక్కేవాళ్లు కాదంట.
ఊరు మునిగినాక గుట్టే ఊరయ్యింది.
ఎండాకాలం నీళ్లు తీస్తే
పాత ఊరి రోళ్లూ గడపలూ బయటపడతాయి.
వాటికి నంబర్లు వెయ్యమని
నాకు ఆర్డర్ లేదు.

పాత పట్టీలో మూడొందల పన్నెండు మంది.
గేరులో కుంచె ముంచి
తలుపు తలుపుకూ అంకె వేసుకుంటా పోతే
మనుషుల కన్నా తాళాలకే ఎక్కువ పడినాయి.
"సుంకన్న కుటుంబం?"
"సుగ్గికి పోయినారు, గుంటూరు మిరపకాయలకు."
"ఎప్పుడొస్తారు?"
"పోయిన సుగ్గి నుంచే రాలేదు."
ఆరు నెలలు దాటితే కొట్టెయ్యాలని రూలు.
కొట్టేసినా.
కింద ఇంకో పదిహేడు తాళాలు.

ఉత్తరం ఒడ్డున నీలం పట్టల గుడిసెలు.
పదేళ్ల కిందట విశాఖ దిక్కు నుంచి
లారీలో వలలు, బస్సులో మనుషులు దిగినారు.
నూకయ్య, పోలమ్మ, గరికయ్య,
నా చేతికి అలవాటు లేని పేర్లు.
సొంతూరేదంటే సముద్రం దిక్కు చెయ్యి చూపుతారు.
ఆ చెయ్యి పోయి నల్లమలకు తగులుతుంది.
"ఇంత దూరం ఎందుకొచ్చినారు?"
"సేపలొచ్చాయి బావూ, ఎనకాలే మేం."

బజారమ్మ నా కాగితంలోకి తొంగి చూసి
"వాళ్లను మాలో కలపొద్దు" అనింది.
"మాది మునిగిన ఊరు సారూ.
వాళ్లదేం మునిగింది?"
నేను జవాబు వెతుక్కుంటా ఉంటే
మాబుసాబు బడి సంగతి ఎత్తినాడు.
పదిమంది పిల్లోళ్లు లేకుంటే జూన్‌లో తీసేస్తారంట.
ఉండేది నలుగురంట.
బడి లెక్క వేరే, ఈ లెక్క వేరే అని నేను చెప్పబోయినా.
అప్పటికే ఆమె ఆకు ఉమ్మేసి లేచింది.
కోడిపిల్లల్ని తోలుకొచ్చినట్టు
నీలం పట్టల కింద నుంచి పదకొండు మందిని తోలుకొచ్చింది.
"రాసుకో. వీళ్లు మావోళ్లే.
ఈ నడిపోనికి నేనే బొడ్డు కోసినా,
కావాలంటే అడుగు."
ఎవరూ అడగలేదు.

వరసలో చివరోడు, ముందుపళ్లు రాలినోడు,
"నాకేటి నంబరప్పా?" అన్నాడు.
'ఏటి' సముద్రానిది. 'అప్పా' ఈ గుట్టది.
మాతృభాష గడిలో తెలుగు అని రాసినా.
గడి ఇరుకయ్యింది.

గరికయ్య పెండ్లాం ఒళ్లో నెలబిడ్డ.
ఎక్కడ పుట్టింది?
"తెప్ప మీదండి, గాలివాన రాత్రి, నట్టనడుమ."
అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం.
నడుమ అంటే ఎంత నడుమ?
ఉరుకుందు తెడ్డుతో నీళ్ల మీద గీత గీసి
"ఇదో, ఈడికి మనది" అన్నాడు.
గీత పూడిపోయింది.
ఇంకోసారి గీసినాడు.
బిడ్డ తుమ్మింది.

పాతోళ్లు నలభై ఒక్కరు, వలలోళ్లు అరవై ముగ్గురు.
కూడినాక ఎవరు ఎవరో కాగితానికి తెలీదు.
నూట నాలుగు.

సాయంత్రానికి గాలి లేచింది, పుట్టి కదల్లేదు.
బజారమ్మ సంగటి పెట్టింది.
చేపల పులుసు ఎవరింటిదో నేను అడగలేదు.
నన్ను కర్నూల్లో మొన్ననే రాసుకున్నారు,
బుధవారపేటలో, మూడో పోర్షన్‌లో, కుటుంబ పెద్దగా.
ఇక్కడ పడుకున్నోడు ఏ పట్టీలోనూ లేడు.

నడిరాత్రి నీళ్లు రాళ్లను తడుముతుండాయి.
పక్క చాప మీద మాబుసాబు నిద్రలో
ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు,
గట్టిగా, కళ్లం నుంచి కేకేసినట్టు.
వేళ్లు మడిచి వింటా పోయినా,
రెండు చేతులూ అయిపోయినాయి.
పొద్దున పట్టీ విప్పి చూసినా.
నూట నాలుగులో
ఆ పేర్లు ఒక్కటీ లేవు.