పదిహేడో నంబరు

డండీలో నవంబరు ఉదయం.
టే నది మీంచి పొగమంచు లేచి
రైలు వంతెనని సగానికి కోసేసింది.
మిగతా సగం ఉందని నమ్మి
రైలు వెళ్తూనే ఉంది.

మూడో అంతస్తులో కిటికీ లేని గది నాది.
మత్తుమందు తియ్యటి వాసన.
వేడి పరుపు మీద వెల్లకిలా
మూడొందల గ్రాముల ప్రాణం, పొట్ట గొరిగి.

నా పనేమిటో చెప్తే ఎవరూ భోజనానికి పిలవరు.
గుడ్డిపేగుని బయటికి తీసి
పొడి గాజుగుడ్డతో రుద్దుతాను,
దద్దుర్లలా ఎర్రటి చుక్కలు లేచేదాకా.
ఎదురుగా పొట్టగోడ మీద గోరంత చదరం గీకుతాను.
రెండు గాయాల్నీ ముఖాముఖి పడుకోబెట్టి
కుట్లేసి మూసేస్తాను.
ఇంక పద్నాలుగు రోజులు
వాటి మధ్య ఏం నడుస్తుందో వాటిష్టం.

మొదట సన్నటి జిగురు, తీగపాకం లాంటిది.
కరిగితే గొడవ లేదు.
కరక్కపోతే దాని మీదుగా కణాలు పాకుతాయి,
వాటి వెనకే నెత్తురు దారి వెతుక్కుంటూ వస్తుంది.
వారానికి ముదురుపాకం.
ఆ తర్వాత పాకం కాదు, తాడు.

విప్పి చూసి మార్కులేసేది ఐలీ మకీ.
ఊదితే విడిపోయే పొరకి ఒకటి,
కత్తెర పెడితే పేగే చిరిగేదానికి నాలుగు.
దేనికి జెల్ పూశానో దేనికి ఉప్పునీళ్ళో
ఆమెకి తెలీదు.
తెలీకపోవడమే ఆమె ఉద్యోగం.

"మీ భాషలో దీన్నేమంటారు?" అంది క్యాంటీన్లో.
డాక్టర్ల మాట గుర్తు రాలేదు,
పేగుబంధం అనేశాను.
తల్లికీ బిడ్డకీ మధ్య తెగనిదని అర్థం చెప్పాక
శాండ్‌విచ్ కింద పెట్టి
"స్కోరెంత?" అంది.
నాలుగు, అన్నాను.

ల్యాబు చూడ్డానికి జనాన్ని రానిచ్చే రోజు
రాట్రే గారు వచ్చింది, చేతికర్రతో.
మూడు ఆపరేషన్లు.
మొదటిది రోగానికి,
రెండోది మొదటిదాని తాళ్ళు కోయడానికి,
మూడోది రెండోదానివి.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు మావాళ్ళు.
ఈమెకి కాళ్ళ మీదైనా పడలేదు,
లోపల్లోపలే అంటుకుపోయింది.
"వాటికి నొప్పి తెలుస్తుందా?" అని అడిగింది.
మందిస్తాం, అన్నాను.
"నాకూ ఇచ్చారు" అంది.

పదిహేడో నంబరు ఉప్పునీళ్ళ గుంపులోది.
అందులో అన్నిటికీ మూడో నాలుగో.
దీని పొట్ట తెరిస్తే
చిక్కుడుకాయ లోపలి పొరలా నున్నగా ఉంది.
ఐలీ దీపం దగ్గరికి లాగింది.
"సున్నా."
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. సున్నాయే.

"జీవం కదా, అప్పుడప్పుడూ ఇలా ఉంటుంది"
అన్నారు మీటింగులో.
గ్రాఫు మీద ఒంటరి చుక్క.
చూడ్డానికి ముచ్చటగానే ఉంది.
నేను బిస్కెట్ నములుతూ కూర్చున్నాను.

ఆ రోజు నాకు గుర్తుంది.
మత్తులో అది మీసాలు కదిపింది, ఒక్కసారి.
డయల్ తిప్పాను, అది లోతుకి వెళ్ళింది.
నా చేయి మాత్రం మళ్ళీ లోతుకి వెళ్ళలేదు.
చుక్కలు లేవకముందే గాజుగుడ్డ పక్కన పెట్టాను.
ఎవరూ చూడలేదు.

ఐదు దాటింది. అప్పటికే బయట చీకటి.
నోటుబుక్కులో రాశాను:
పదిహేడు, రాపిడి చాల్లేదు. పొరపాటు నాది.
తేదీ వేశాను. సంతకం చేశాను.

దాన్ని లెక్కలోంచి తీసేశారు.
అంటే అది ఊరికే చచ్చిపోయినట్టు.
దాని చోటు నిండాలిగా,
నా జాలి ఖరీదు ఇంకో ఎలుక.

సోమవారం. ముప్పయ్యొకటో నంబరు.
నీ పేరేమిటి అనకూడదు, అనలేదు.
మీసాల వైపు చూడకుండా
డయల్ రెండుసార్లు సరిచూసుకున్నాను.
రుద్దాను.
చుక్కలు లేచాయి. లెక్కపెట్టాను.