ముప్పై తొమ్మిదో రోకలి

కిటికీలకు అద్దాల్లేవు. ఎప్పుడూ లేవు.
పెట్టిన వారానికే పగిలిపోయేవట.
వాటి బదులు తారు పూసిన చెక్క పలకలు,
సందుల్లోంచి ఏటవాలుగా
అల్‌స్టర్ వెలుతురు, తడిసిన ఉన్ని రంగులో.

లోపల నలభై ఆరు రోకళ్లు.
బీచ్ కర్రవి, ఒక్కొక్కటి నిలువెత్తు.
దుంగకు చుట్టిన అవిసెనార బట్ట మీద
వంతులవారీగా వాటిని ఎత్తి పడేసేందుకు
వెనుక పళ్లు తేలిన దూలం.
రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదు గదా,
ఆ బట్ట మూడు పగళ్లూ మూడు రాత్రులూ దెబ్బలు తిని
చివరికి చేప పొట్టలా మెరిసేది.

ఇదంతా విల్బర్ట్ గెడిస్ చెప్పలేదు,
తలుపు పక్కన మేకుకొట్టిన బోర్డు చెప్పింది.
విల్బర్ట్‌తో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి
పెదవులు నెమ్మదిగా కదపాలి.
పదిహేనో ఏట పనిలో చేరాడు. ఇరవై ఆరో ఏటికి
చర్చి గంటా పోయింది, చెల్లెలి గొంతూ పోయింది.
గోడలకు చెవులుంటాయంటారు,
ఈ మిల్లులో వాటికే మిగిలాయి.

నేను కొలవడానికొచ్చాను. కౌన్సిల్ పని.
గోడ మందం ముప్పై అంగుళాలు, సున్నంతో కట్టిన ఏటిరాయి.
చక్రం పదహారడుగులు, తొట్లు కొత్తవి, ఇరుసు పాతది.
వాసాల మీద పెన్సిల్ లెక్కలు:
ఏ బట్ట, ఎన్ని గంటలు, రాత్రి ఎవరి కాపలా.
ఒకచోట, లెక్క మధ్యలో,
"మంచు పడుతోంది. నాన్న పోయాడు. దుంగ మార్చాను."
తేదీ లేదు.
నా కాగితంలో దానికి గడి లేదు.

సాయంత్రం నేను వెళ్లబోతుంటే
మనవరాలు కిర్స్టీ తూము ఎత్తింది.
నీళ్లు ముందు గొణిగాయి. తర్వాత చక్రం
మోకాళ్ల నొప్పులున్న మనిషిలా లేచింది.
ఆ పైన చప్పుడు అనే మాట చాలదు:
నా పళ్లు అదిరాయి, జేబులో పెన్ను అదిరింది,
కప్పు నుంచి పాత నూగు రాలింది.

విల్బర్ట్ అరచేయి గోడకు ఆనించి కళ్లు మూశాడు.
కాసేపటికి చెయ్యెత్తాడు: ఆపు.
వరసలోకి నడిచి, లెక్కపెట్టకుండానే
ఒక రోకలిని తట్టాడు.
ముప్పై తొమ్మిదోది. అడుగున వెంట్రుకంత చీలిక.
చెవులు రెండూ ఉండి నాకు తేడా తెలియలేదు.

"ఇది మా దొడ్లో చెట్టు," అన్నాడు,
అవసరానికి మించిన గొంతుతో.
"నేనే కొట్టాను. అప్పటికే నాకు వినబడదు.
పడిందని కాళ్లకు తెలిసింది."

కిర్స్టీ చీలికలో మైనం కూరుతోంది.
నేను గోడల మందం కింద ఇంకో గీత గీసి
రోకలి నంబరు వేసి, పక్కన
"కాళ్లకు" అని రాశాను.
ఆఫీసులో అడిగితే అప్పుడు చూద్దాం.