తూకపు గుండు

సల్మె ఆ దీపాన్ని
చేపల తొట్టెలో పడుకోబెట్టి తెచ్చింది.
కురెస్సారెలో వాన. దుకాణం మెట్టు మీద ఆమె బూట్ల నీళ్లు.
"అమ్మేద్దామనుకుంటున్నాను మైన్‌హార్డ్,
ముందు వెలుగుతుందో లేదో చూడు."

నేను దీపాలను పైనుంచి కిందికి చదువుతాను.
ముందు కొక్కెం, తర్వాత కప్పీలు, మూడు గొలుసులు,
చిమ్నీ నెత్తిన మసి పట్టే పాలగాజు గంట.
నాలుక లేని గంట అది,
పొగ తప్ప ఇంకెవరూ మోగించలేదు దాన్ని.
అంచు విరిగిన గొడుగు,
ఇత్తడి తీగలల్లిన చక్రం, దాని నడుమ
మోకాలి చిప్పంత నున్నగా నూనెబుడ్డి.

బెర్లిన్‌లోనో ఎక్కడో కూర్చుని ఎవడో
ద్రాక్ష కాయని మా దీవికి ద్రాక్షతీగలు గీసి పంపాడు.
వాడి అసలు తెలివి తీగల్లో లేదు.
చేప ముల్లు కనబడేంత దగ్గరికి
దీపం బల్ల మీదికి దిగాలి,
వేలితో తోస్తే పైకి పోవాలి,
ఎక్కడ వదిలితే అక్కడ నిలవాలి.
అందుకే గొలుసుల మధ్య ఆ పింగాణీ గుండు.
దీపమెంతో గుండూ అంత.
ఓడ కిరాయి బరువుకు కాబట్టి ఖాళీగా వచ్చేది,
ఇంటివాళ్లే ఒడ్డున ఇసుక పోసుకునేవారు.

ఇది ఊపితే గలగలమంది.
ఇసుక గలగలమనదు.

మర తిప్పి బల్ల మీద ఒంపాను.
సీసపు బిళ్లలు, వల అడుగున కట్టేవి.
ఒక్కోదాని మీద కత్తి గుర్తు:
రెండు గీతలు, వాటిని కోస్తూ ఒకటి.
పంతొమ్మిది.
చివర్న చిటికెడు ఇసుక.

"మా పడవ గుర్తు" అంది సల్మె, కూర్చోకుండానే.
అన్న ఎండెల్ నీళ్లలో పోయిన ఏడాది
వల నుంచి సీసమంతా ఒక్క రాత్రిలో మాయమైందట.
సీసం లేని వల మునగదు, నాచులా తేలుతుంది.
పక్కింటి విల్లెమ్ దొంగ అన్నాడు నాన్న.
పదకొండేళ్లు కంచె మీదుగా ఒక్క మాట లేదు,
విల్లెమ్ పోతే పెట్టె మోయడానికీ వెళ్లలేదు.
రోజూ రాత్రి ఈ దీపాన్నే కిందికి లాక్కుని
ఒళ్లో వల వేసుకుని కూర్చునేవాడు,
సీసం కొనాలి, సీసం కొనాలి అంటూ.

"మీ అమ్మ?"
"అమ్మ వత్తి కత్తిరించేది.
దీపం తుడవడానికి ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు."

కాసేపు వాన విన్నాం.
ఉన్నట్టుండి ముక్కుతో నవ్వింది. "పాపం విల్లెమ్."

ఇసుక పోయనా అన్నాను.
వద్దు, అవే వేసెయ్ అంది.
అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

వేశాను, బుడ్డి నింపి లాగి చూశాను.
నిలవదే! మెల్లగా పైకెక్కిపోతోంది.
నేను మార్చిన బర్నరూ గొడుగూ పాతవాటికన్నా తేలిక.
రెండు బిళ్లలు తీసేస్తే ఆగింది,
ఎవరో మునివేలితో ఆపినట్టు.

ఆ రెండూ ఇవ్వబోతే
చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.
"ఒకటి నువ్వుంచుకో.
ఇంకోటి, విల్లెమ్ మనవడు రేవులోనే ఉంటాడు, ఇచ్చెయ్.
ఏమని చెప్పాలో నాకు తెలీదు."

నాకూ తెలీదు.
మూడు వారాలుగా నా చొక్కా
ఒక పక్కకి వాలి ఉంది.