రెండు క్లచ్చుల బండి

కడపలో నా డ్రైవింగ్ స్కూలుకు బండి ఒకటే.
క్లచ్చులు మాత్రం రెండు.
నేర్చుకునేవాని కాలికింద ఒకటి,
వాని మీద నమ్మకం చాలక నా కాలికింద ఇంకొకటి.

పోయిన ఆదివారం జిలానీ వచ్చినాడు.
పద్నాలుగేండ్లు కువైట్‌లో ఇంటి డ్రైవరు.
ఇల్లంతేసి బండ్లు తోలినోడు
నా పాత మారుతిని గేటు దాటించలేక
మూడుసార్లు ఆపేసుకున్నాడు.
"నవ్వొద్దు పెంచలన్నా,
ఆడ కుడికాలికే జీతం.
ఎడమకాలు పద్నాలుగేండ్లు ఊరికే కూర్చోని తినింది."

అందురూ అవే తోలుతారా ఆడ, అని అడిగినా.
"గీత గీసినట్లుంటది రోడ్డు. పెట్రోలుకు లెక్కేముంది?
వెనక సీట్లో మేడం చేతిలో గావా కప్పు.
గేరు మారితే తొణుకుతాది,
తొణికితే నాకు తిట్లు.
పక్కింట్లో ఇటలీ వంటాయన ఉండె.
ఆయనకు ఆటోమేటిక్ అంటే మంట.
పొయ్యి మీద కుండ పెట్టి
గరిటె దాచిపెట్టినట్లుంటది అనేటోడు.
సెలవు దినం యాడనో ఒక గేరుబండి తెచ్చుకోని
సముద్రం పక్కన ఊరికే తిరిగేటోడు,
యాడికీ పోకుండా."

మన దిక్కు సంగతి నేను చెప్పినా.
లీటరుకు ఎంతిస్తాదని
పెండ్లికొడుకు సంపాదన అడిగినట్లు అడుగుతారు.
పులివెందుల రోడ్డులో బ్యాటరీ చస్తే
నలుగురు తోస్తే సెకండు గేరులో లేస్తాది మనది.
అదైతే తోసినా లేవదు, బతిమాలినా లేవదు.
గేరు లేనిది ఆడోళ్ల బండి అని
మీసం దువ్వేటోళ్లూ ఉండారు.
వాళ్ల పెండ్లాలు నా దగ్గర
ఘాటులో గేరుబండి ఎక్కించి దించినారు.
వాళ్లకు నేను చెప్పలా.

నా మోకాలి సంగతి జిలానీకీ చెప్పలా.
రిమ్స్‌లో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి
ఏం పని చేస్తావు అనింది.
చెప్పినా.
"ఆటోమేటిక్ కొనుక్కో" అనింది,
రాత్రికో బిళ్ల ఏసుకో అన్నంత సులభంగా.

గువ్వలచెరువు ఘాటు.
ముందర కడపబండల లారీ, చీమ మాదిరి.
వెనక బస్సు, దాని హారను మా మెడ మీదే.
"సగం వదులు," అన్నా.
"సగమంటే ఎంతన్నా?"
ముప్పై ఏండ్లుగా అందురూ అడిగేది ఇదే.
సగమంటే కొలత కాదప్పా.
గువ్వను గుప్పిట్లో పట్టుకుంటే
దాని గుండె నీ చేతికి తగలదూ,
అట్లా ఒక వణుకు వస్తాది చెప్పుకింద.
ఆడ ఆగు.

బండి జానెడు వెనక్కి జారింది.
నేను తొక్కేసినా.
వానికి తెలిసిపోయింది.
"కాలు తియ్యన్నా.
నువ్వు తొక్కుతాంటే
ఏది నాదో ఏది నీదో నాకెట్ల తెలుస్తాది?"

తీసినా.
తీసి యాడ పెట్టాల్నో తెలీలా,
పక్కకు మడిచి కూర్చున్నా, చుట్టమింట్లో మాదిరి.
మోకాలు సలపరిస్తాంది.
మూడో మలుపులో లారీ ఆగింది, మేమూ ఆగినాం.
జిలానీ నోట్లో ఏదో గొణుక్కున్నాడు,
అరబ్బీనో, మన తిట్టో.
అప్పుడొచ్చింది వణుకు.
నా కాలు ఆడ లేదు, అయినా తెలిసింది,
సీటులోంచి, నడుములోంచి.
బండి కదిలింది.

పైన కోవా కొట్టు కాడ దిగినాం.
మేడం కప్పు పద్నాలుగేండ్లు తొణకనియ్యనోడు
టీ గ్లాసు ప్యాంటు మీద పోసుకున్నాడు.
వాని ఎడమకాలు గడగడ.
నా ఎడమకాలు కుంటు.
కొట్టాయన ఇద్దరినీ కిందనుంచి పైకి చూసి
"యాక్సిడెంటా?" అన్నాడు.
"ఇంగా కాలా," అన్నాడు జిలానీ,
"దిగేటప్పుడు చూద్దాం. అర్ధకిలో కట్టు."