పదమూడు డిగ్రీలు

పోర్తో ఊళ్ళో దీన్ని జ్వానెట్ అంటారు.
జ్వానా అనే పిల్లని ముద్దుగా పిలిచి
కాలి పక్కన కూర్చోబెట్టినట్టు.
ముప్ఫయ్యేళ్ళు బూటులో కాపురం చేసి
బొటనవేలిని పక్కవేలి మీదికి నెట్టేసిన ఆ పిల్లని
డాక్టరు గంటన్నరలో
ఎముక కోసి, జరిపి, రెండు మరలు బిగించి
సాగనంపేస్తాడు.

నా పని ఆ తర్వాత.
ఏడాది నిండినవాళ్ళకి పేర్ల వరసన ఫోను చేస్తాను.
పక్కన ఎక్స్‌రే, దాని మీద సన్నని గీతలు.
నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత?
మామూలు బూట్లు పడుతున్నాయా?
ఇంకోసారి అయితే ఇంకోసారి చేయించుకుంటారా?
మూడు గళ్ళు.

ట్రాము కండక్టరుగా చేసి మానేసిన అదేరితుది
కోణం మళ్ళీ పాతికకి పోయింది.
తాగి ఇల్లు చేరే మనిషి గోడ వెతుక్కున్నట్టు
వేలు మళ్ళీ పక్కకి వాలుతోంది.
ఎలా చెప్పాలా అని గొంతు సవరించుకునేలోపే
"సావ్ జ్వావ్ పండగ రాత్రి
నది దాకా దిగాను, ఎక్కాను, మళ్ళీ దిగాను,
సార్డీన్లు కాల్చే పొగలో తెల్లారిపోయింది తల్లీ" అని
పళ్ళసెట్టు టకటకలాడేలా నవ్వాడు.
బొమ్మలో ఓడిన కాలు
వీధిలో గెలిచి వచ్చింది.

నోటరీ ఆఫీసు ఫ్లావియాకి నొప్పి లేదు, వాపు లేదు.
ఇంకోసారి? ఛస్తే చేయించుకోనంది.
ఆరు వారాలు అత్తగారి సోఫాలో
కాలు దిండు మీద పెట్టుకుని
ఆవిడ వంటని మెచ్చుకోవాల్సి వచ్చిందట.

దోనా డియోలిండా ఫోనులో మాట్లాడదు.
నేరుగా వచ్చింది, చేపల బజారు వాసనతో, గొడుగు కారుతూ.
ముప్ఫై ఎనిమిది ఉన్న కోణం పదమూడైంది,
కుర్ర డాక్టర్లకి చూపించే ఎక్స్‌రే ఆమెది.
కుర్చీలో కూర్చుని కుడి బూటు విప్పి
నా కాగితాల మీద పెట్టింది.
"చూడు."
గోధుమరంగు తోలు, పక్కన కోడిగుడ్డంత ఉబ్బు.
వేలు పెట్టి నొక్కితే లోపలికి పోయింది,
వదిలితే మళ్ళీ పైకొచ్చింది.
"ఎముక పోయింది. దాని చోటు పోలేదు."

కొత్తవి కొనుక్కోవచ్చు కదా అన్నాను.
నా మొహం చూసి జాలిపడింది.

"పై కొక్కేనికి త్రాసు తగిలించాలంటే
మునివేళ్ళ మీద లేవాలి. ఈ వేలు వంగదు.
పక్క కొట్టు కుర్రాణ్ణి పిలుస్తున్నాను.
నలభై ఏళ్ళలో ఎవర్నీ పిలిచి ఎరగను."

నొప్పి?
"లేదు. సున్నా వేసుకో.
వాన రాబోతే ముందురోజే చెప్పేది అది.
పడవలవాళ్ళు నా కాలినడిగి సముద్రంలోకి పోయేవాళ్ళు.
ఇప్పుడు నేనూ అందరిలాగే రేడియో వింటున్నాను.
రేడియో అబద్ధాలు చెబుతుంది."

సున్నా వేశాను.
సున్నా లోపల ఎంత చోటుందో
మొదటిసారి చూశాను.

ఇంకోసారి అయితే?
చాలాసేపు కిటికీలోంచి వానని చూసింది,
ముందే చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు.
పదేళ్ళు చెప్పు కరిచిన మనిషి,
సాయంత్రమయ్యేసరికి కాలు కాలిన పిల్లిలా
బల్ల చుట్టూ తిరిగిన మనిషి.
"ఎడమది ఉంచుతాను" అంది.
"ఒకటైనా నిజం చెప్పేది ఉండాలి."
అవును, కాదు అని రెండే ఉన్నాయి గడిలో.
ఖాళీగా పంపితే కంప్యూటరు ఒప్పుకోదు.

రాళ్ళు పరిచిన ఏటవాలు వీధిలో
ఆమె ఎక్కిపోతుంటే చూశాను.
కుంటడం లేదు. అడుగులు సమంగా పడుతున్నాయి,
నా కాగితం చెప్పినట్టే.
మలుపు దగ్గర, రాయి ఎత్తుగా ఉన్నచోట
ఒక్క క్షణం ఆగి
బరువంతా ఎడమకాలి మీదికి మార్చి
లేని నొప్పికి దారిచ్చి
మళ్ళీ నడిచింది.

బల్ల కింద
నా బూటు ఎప్పుడు విప్పానో గుర్తులేదు.
జాబితాలో తర్వాతి పేరు ఎర్మెలిందా.
ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.
నడకకి వెళ్ళి ఉంటుంది.