రెండోది రావచ్చు

తెల్లారడానికి ఇంకా గంట ఉంది.
వెర్లిన్ ట్రక్కు లైట్లార్పుకుని
నా కొట్టం ముందు ఆగింది.
హారన్ కొట్టడు. నలభై ఏళ్ళలో ఎప్పుడూ కొట్టలేదు.
ఇంజను దగ్గు విని నేనే బయటికి రావాలి.

మైనస్ ఇరవై ఆరు.
ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి
లోపల్నుంచి గుచ్చుతున్నాయి.
ఫ్లాస్కులో కాఫీ ఇప్పుడు తనే కాసుకుంటున్నాడు.
తారులా ఉంది. బాగుందన్నాను.

క్రిస్మస్ నుంచి నావి ఐదు గొర్రెలు పోయాయి.
ఒక్కో గొర్రెకీ గొంతు దగ్గర ఒకే గాటు.
పని తెలిసినవాడి పని.

తలుపులు చప్పుడు కాకుండా మూసి
చెట్ల వరస వెంబడి నడిచాం.
పైన పెళుసు, కింద పిండి: ఆ మంచు
అడుగడుక్కీ మా మీద చాడీలు చెబుతూనే ఉంది.
గుట్ట మీద బకెట్లు బోర్లించి కూర్చుని
తెల్ల దుప్పట్లు కప్పుకున్నాం.
నాది ఆసుపత్రి పాత సరుకు.
అతనిదానికి అంచు పొడుగునా నీలి పూల కుట్టు.
సిగ్నీ చేతి కుట్టు.
చూశాను. చూడనట్టు తుపాకీ తుడుచుకున్నాను.

ఊదేది అతను, పేల్చేది నేను.
కుర్రతనంలో ఎలాగో అలా కుదిరింది,
మార్చాలని ఎవరికీ తోచలేదు.
వాళ్ళ నాన్న చెక్కిన పీక అది,
బొటనవేలంత వాల్‌నట్ కర్ర.
ఊదితే అందులోంచి ఒక కుందేలు చచ్చిపోతుంది.

అర నిమిషం ఊదాలి. మూడు నిమిషాలు ఆగాలి.
ఆగడమే విద్య అని నాకు నేర్పినవాడు
ఇవాళ ఆగలేదు.

నవంబరులో, చర్చి నేలమాళిగలో,
టోపీ చేతిలో పట్టుకుని నిలబడి
వచ్చినవాళ్ళందరికీ వెర్లిన్ కుర్చీలు చూపించాడు.
హాల్వర్ మోకాలు ఎలా ఉందని అడిగాడు.
కాఫీ చాలకపోతే తనే వెళ్ళి తెచ్చాడు.
గట్టి మనిషి, అన్నారంతా.
నేనూ అన్నాను.

ఇప్పుడు ఆ పీకలోంచి
సన్నగా మొదలై, తెగి, మళ్ళీ అందుకుని,
ఊపిరి చాలక వణికి,
ఎక్కడో కిందికి జారిపోయి
మళ్ళీ పైకి పాకి వస్తోంది
ఏదో.
కుందేలే అనుకోవాలి.

గాలి వాలున, రెల్లు మధ్యనుంచి వచ్చింది కయోటీ.
తోడేలుకి తమ్ముడు, నక్కకి అన్న,
ఇద్దరి ఆస్తిలోనూ వాటా దొరకనివాడు.
ఎనభై గజాల్లో ఆగింది.
తల ఓ పక్కకి వంచింది.
రెండు చెవులూ అతని వైపే.
నవంబరులో మాలో ఒక్కరం కూడా
అంత శ్రద్ధగా వినలేదు.

పేల్చాను.
చప్పుడు గడ్డకట్టిన చెరువు దాటి
ఎక్కడో సైలోకి తగిలి
తీరిగ్గా వెనక్కొచ్చింది.

వెర్లిన్ ఊదుతూనే ఉన్నాడు.

అదీ పద్ధతే. ఒకటి పడ్డాక ఊదడం ఆపకూడదు,
జంటలో రెండోది రావచ్చు.
అందుకే నేనేం అనలేదు.
ఇంకో తూటా ఎక్కించి
ఖాళీ తెలుపు మీదే గురి నిలిపాను.
అద్దం మసకేసింది. ఊపిరి తగిలే అయుండాలి.

రెండోది రాలేదు.
సూర్యుడొచ్చాడు, చెరో పక్కా
ఒక్కో దొంగ సూర్యుణ్ణి వెంటేసుకుని.

పీక తీస్తే కింది పెదవి తోలు
కొంచెం దానికే అంటుకుపోయింది.
మంచులో ఎర్రగా ఉమ్మి,
"గాలి మారింది," అన్నాడు.

వెళ్ళి చూశాం. ముసలి ఆడది,
పొట్ట వెన్నుకంటుకుపోయి ఉంది.
నా గొర్రెల్ని తిన్నది ఇదేనంటే
నాకే నమ్మకం కలగలేదు.
వెనక కాలు పట్టి ట్రక్కు దాకా ఈడ్చాం.
తోలుకి ఇరవై డాలర్లు కూడా రావన్నాడు,
డీజిలు గురించి ఏదో అన్నాడు,
ఆ ఏదోలోనే దుప్పటి విప్పి దులిపాడు.

అంత దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి.
ఒక కొస నా వైపు చాపాడు.
వెనక్కి నాలుగడుగులు, బిగించి,
ముందుకి నాలుగడుగులు.
చేతి తొడుగుల్లో వేళ్ళు మొద్దుబారి
కొసకి కొస కలవలేదు.

"కాదు," అన్నాడు వెర్లిన్,
"పూలు లోపలికి రావాలి.
మళ్ళీ మొదట్నుంచీ."